మంగయ్య యూనివర్సిటీని చూసొచ్చిన వైనం

సిరొంచ మంగయ్యది ఒక విచిత్రమైన పెద్దరికం. ఆయన సంబంధాలు కుదర్చడు. ఎవరో కుదిర్చిన సంబంధంలో, పిల్ల పోయి బతకాల్సిన ఇల్లు ఎట్లాంటిదో చూసి చెబుతాడు. అంతే ఆయన పని. అందుకు ఏమీ పుచ్చుకోడు. ప్రాణహిత ఒడ్డున రెండెకరాల మిరపతోట ఉంది, అది ఆయనకు చాలు. కానీ ఇటు అంకిస నుంచి అటు అహేరి దాకా, మంగయ్య చూడని ఇంటికి ఆడపిల్లను ఇచ్చినవాళ్లు బహు తక్కువ.

ఆయన ఇల్లు చూసే తీరు వేరు. వాళ్లు ముందు వాకిట్లో చాప పరిచి, కొత్త తువ్వాళ్లు భుజాన వేసుకుని ఎదురుచూస్తుంటే, ఈయన వెనక పెరట్లోంచి దిగుతాడు. పెంటకుప్ప చూస్తాడు. బావి చేంతాడు ఎన్ని చోట్ల అతుకుపడిందో చూస్తాడు. అంట్లు తోమే బండ చూస్తాడు. చివరికి కుక్కను చూస్తాడు.

"కుక్క బక్కగున్న ఇంట్ల కోడలు బొద్దుగుండది సారూ" అని నాకు చెప్పాడు. "ముందటి వాకిలి చుట్టాల కోసం కట్టుకుంటరు. ఎనుక వాకిలి బతుకుడు కోసం కట్టుకుంటరు. పిల్ల బతికేది ఎనుకనే గద."

నేను చాలా కోటలు చూశాను. రాజుల చరిత్రలు కూడా చాలానే చదివాను. అన్నీ సింహద్వారం దగ్గర మొదలయ్యేవే. వెనక్కి పోయి వంటశాల బూడిద ఎక్కడ పోసేవాళ్లో చూసిన చరిత్రకారుడు నాకు తగల్లేదు. మంగయ్యకు చదువొచ్చుంటే మన చరిత్ర ఇంకో రకంగా ఉండేదేమో. ఆయనకు చదువు రాదు. అందుకే ఈ కథ నేను రాయాల్సి వస్తోంది.

కాళేశ్వరం నుంచి పడవలో గోదావరి దాటి, ఒక్క పూట ఉందామని సిరొంచకు వచ్చినవాణ్ని. మంగయ్య ఇంటి అరుగు మీద ఐదు నెలలు ఉండిపోయాను. నాలుగో నెలలో, రెండువేల ఆరు నవంబరులో, ఆ ఉత్తరం వచ్చింది.

వచ్చింది సాంబన్న ఇంటికి. సాంబన్న వరి పండించే మనిషి. తల్లి రాజవ్వ మాట దాటి ఎరగడు. అతని కూతురు సింధూజ, చంద్రపూర్ దాటి ఇంకా నాలుగు గంటలు పోవాల్సిన ఒక యూనివర్సిటీలో వ్యవసాయం చదువుతోంది. అప్పటికి రెండో సంవత్సరం. ఆ చదువంటే రాజవ్వకు మొదటినుంచీ గిట్టదు.

"వరి నాటుడు నేర్సుకోనీకి బస్సెక్కి పోవాల్నా? నా ఎంట మడిల దిగితే నేను నేర్పనా?" అనేది.

ఉత్తరం మరాఠీలో ఉంది. బజార్లో కిరాణం నడిపే రామచంద్రం సేటు చదివి చెప్పాడు. ఆయన కొడుకు నాగేంద్ర కూడా అక్కడే చదువుతున్నాడు. డిసెంబరు రెండో ఆదివారం తల్లిదండ్రులందరూ యూనివర్సిటీకి వచ్చి, పిల్లలు ఉండే చోటు, చదివే చోటు చూసి, భోంచేసి పోవాలని పిలుపు. పది గంటలకు స్వాగతం, పదకొండుకు ఉపన్యాసాలు, ఒంటిగంటకు భోజనం, రెండు గంటలకు హాస్టలూ పొలాలూ, నాలుగు గంటలకు ఫోటో.

రాజవ్వ అంతా విని, వక్క కొరికి, తీర్పు చెప్పింది.

"ఏడాదిన్నరాయె, పిల్లను సూడని ఇంట్ల ఉంచి. ఇగ సూద్దాం. మంగయ్య సూసి మంచిదంటే, నా పాణం ఒప్పితే ఉంటది. లేకపోతే ఆ దినమే బట్టలు సదురుకొని మా ఎంట వస్తది."

"సాంబన్న చూసొచ్చిండు గదనే?" అన్నాడు రామచంద్రం.

"వాడు గేటు సూసొచ్చిండు. అంగి మాసిందని లోపటికి పోనీకి సిగ్గుపడ్డడట."

సాంబన్న తల దించుకున్నాడు. రాజవ్వ ఉత్త మాటలు చెప్పే మనిషి కాదు. ఆ రోజే ఒక కొత్త గోనెసంచి ఉతికి ఆరేసింది, పిల్ల సామాను వేసుకు రావడానికి. ఆ సంచి దండెం మీద ఆరినన్ని రోజులూ సాంబన్న అటువైపు చూడకుండా తిరిగాడు. కూతురు చదవాలని అతనికి ఉంది. అది తల్లి ముందు అనే నోరు లేదు.

ప్రయాణం ఏర్పాట్లన్నీ మంగయ్య చేతికొచ్చాయి. ఆయనకు తెలిసిన ఏర్పాటు ఒకటే, సంబంధానికి ఇల్లు చూడబోయే ఏర్పాటు. యూనివర్సిటీ కూడా పిల్ల పోయి ఉండే ఇల్లే కాబట్టి వేరే పద్ధతి ఎందుకన్నాడు.

మొదటిది, ఆదివారం ఆయనకు నచ్చలేదు. ఇల్లు చూడ్డానికి బుధవారం మంచిది. "సేటూ, రాయి. ఆయితారం బదులు బుధారం పెట్టుకోండ్రని రాయి" అన్నాడు. రామచంద్రం తలకొట్టుకుంటూనే కార్డు రాసి పడేశాడు. యూనివర్సిటీ జవాబివ్వలేదు. చివరికి మంగయ్యే దారి కనిపెట్టాడు. బుధవారం పొద్దున మంచి ఘడియలో తన చేతిసంచి తీసుకుపోయి రామచంద్రం దుకాణంలో, చక్కెర బస్తా మీద పెట్టి వచ్చాడు. సంచి గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే. శనివారం దాకా మంగయ్య ఇంట్లోనే ఉన్నాడు గానీ, శాస్త్రప్రకారం దారిలో ఉన్నాడు. మధ్యలో ఎవరైనా పనికి పిలిస్తే, "నేను ఊళ్లె లేను" అనేవాడు.

రెండోది, మనుషుల లెక్క. మంగయ్య, రాజవ్వ, సాంబన్న, రామచంద్రం, నలుగురయ్యారు. సరిసంఖ్యలో పోకూడదు. ముగ్గురైతే అసలే పనికిరాదు. అందుకని నన్ను ఐదోవాణ్ని చేశారు. నా జీవితంలో నేను చాలా సభలకు వెళ్లాను. ఉత్త బేసి కోసం నన్ను పిలిచిన సభ మాత్రం అదొక్కటే. అంతకంటే నిజాయితీగా నన్నెవరూ పిలవలేదు.

మూడోది తిండి. ఇదే ముఖ్యం.

చూడబోయిన ఇంట్లో తినకూడదు. తింటే సంబంధం ఒప్పుకున్నట్టు. ఈ ఆచారం చాలాచోట్ల ఉంది, చాలాచోట్ల చాయ్ దగ్గర సడలింది. మంగయ్య దగ్గర సడలలేదు. దానికి కారణం ఆయన చెల్లెలు రాజుబాయి. తన ఇరవై రెండేళ్ల వయసులో చెల్లెలి సంబంధానికి ఆష్టి పక్క ఊరికి ఆయనే పోయాడు. ముందు వాకిట్లో కూర్చోబెట్టి లడ్డూలు పెట్టారు. మూడు తిన్నాడు. మాట అయిపోయింది. ఆ ఇంటికి బావి లేదన్న సంగతి పెళ్లయ్యాక తెలిసింది. రాజుబాయి ముప్పై ఏళ్లు మైలు దూరం నుంచి నీళ్లు మోసింది. ఆ తర్వాత మంగయ్య లడ్డూ ముట్టలేదు, వెనక వాకిలి చూడకుండా ఏ ఇంటికీ మాట ఇవ్వలేదు.

"ఆ ఇంటి గింజ గొంతు దిగిందంటే మాట అయినట్టే. నీళ్లు సుత మన చెంబువే తాగాలె" అన్నాడు.

రామచంద్రం ముఖం వాడిపోయింది. "ఒక్క పూరీ సుతనా?"

"సేటూ, ఎన్కట అంకిసల బక్కయ్య సంగతి మరిచినవా?"

ఎవరూ మరిచిపోలేదు. బక్కయ్య తన కొడుక్కు పిల్లను చూడబోయి, సంగతి తేలకముందే ఆ ఇంటి సోంపు గింజలు నాలుగు నోట్లో వేసుకున్నాడు. ఆ పిల్ల రాజవ్వ ఆడబిడ్డ కూతురే. రాజవ్వ బక్కయ్య దవడ పట్టుకుని, "నమిలినవు. ఇగ మాట తప్పితే ఎట్ల?" అని పదిమందిలో నిలదీసింది. ఆ పెళ్లి అట్లానే జరిగింది.

ఈలోపల సింధూజ ఫోన్ చేసింది. అప్పటికి సిరొంచలో చేతిఫోన్లు మాట వినేవి కావు. రామచంద్రం దుకాణంలోని ఫోనే అందరికీ దిక్కు. మంగయ్య రిసీవర్ పట్టుకుంటే, నదికి అవతలి ఒడ్డున ఉన్నవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడతాడు. అవతలి పిల్ల గొంతూ పెద్దదే. కాబట్టి ఆ సంభాషణ బజారంతా విన్నది.

"తాతా, నేను భోజనాల కమిటీల ఉన్న. బాపమ్మకు ఏం వండిపియ్యాలె?"

"బిడ్డా, మేం తినం. ఇల్లు సూడనీకి వస్తున్నం."

"ఏంది తాతా గట్లంటవు! నెల సంది పరేషానైతున్న, మన దిక్కు పప్పు ఎట్ల చేస్తరో మెస్సుల నేర్పుతున్న!"

"నేర్పు బిడ్డా, నేర్పుడు మంచిదే. మేం తినం. గింజ దిగితే మాట అయినట్టే."



"ఏ గింజయినానా తాతా?"

"ఏ గింజయినా."

"మంచిది తాతా" అని ఫోన్ పెట్టేసింది.

శనివారం ఎర్ర బస్సెక్కాం. ఆ బస్సు గురించి వేరే పుస్తకం రాయొచ్చు. అల్లాపల్లి అడవి దాటేదాకా బస్సులోని ప్రతి మేకు తన ఉనికి చాటుకుంది. రాత్రికి చంద్రపూర్‌లో రామచంద్రం చుట్టాలింట్లో పడుకుని, మర్నాడు ఎనిమిదిన్నరకల్లా యూనివర్సిటీ ఊళ్లో దిగాం. బస్టాండులో కూర్చుని మా సద్దిమూట విప్పి జొన్నరొట్టె, పచ్చడి తిన్నాం. రామచంద్రం రెండు పూటలది ఒకేసారి తిన్నాడు, ముందుజాగ్రత్తగా.

యూనివర్సిటీ ముందు గేటుకు మామిడి తోరణం కట్టారు. పిల్లలు గులాబీలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. బాజా కూడా ఉంది. మంగయ్య అదంతా దూరం నుంచే ఒక్క చూపు చూసి, "మస్తుగున్నది" అని, కుడివైపు ప్రహరీ వెంట నడక మొదలుపెట్టాడు. ఆయన వెనక రాజవ్వ, చంకలో మడిచిన గోనెసంచి. ఆమె వెనక సాంబన్న, ఈసారి ఉతికిన అంగీతో. తర్వాత రామచంద్రం, నేను. ఆ గోడ మైలుంటుంది. నాకు మోకాళ్ల నొప్పి. బేసి అయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

వెనక చిన్న గేటుంది. అక్కడ సింధూజ నిలబడి ఉంది.

సన్నటి పిల్ల, నూనె రాసి బిగించిన జడ, కుర్తా మీద కమిటీ బిళ్ల. "వచ్చిండ్రా తాతా? వాచ్‌మన్‌తో చెప్పిపెట్టిన, మావోళ్లు గిటునుంచే వస్తరని" అంది. మంగయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

అరగంట సేపు మంగయ్య తన పని చేశాడు. మెస్సు వెనక ఎంగిలి పోసే తొట్టి చూశాడు. నీళ్ల ట్యాంకు నిచ్చెన ఎక్కి మూత ఎత్తి చూశాడు. ఆడపిల్లల హాస్టల్‌లో తలుపు గడియ నాలుగుసార్లు వేసి తీశాడు. రాజవ్వ పరుపు వత్తి చూసి, "దూదేనా గడ్డా?" అంది. మెస్సు గుమ్మంలో ఒక ఎర్ర కుక్క, కడుపు నేలకానించి పడుకుని ఉంది. లేవమన్నా లేవలేదు.

"కుక్క మంచిగున్నది" అన్నాడు మంగయ్య. సాంబన్న ముఖం కొంచెం విప్పారింది.

"కుక్కనే గద సదివేది" అంది రాజవ్వ.

ఉపన్యాసాలు గంటన్నర జరిగాయి. ఆ యూనివర్సిటీ పెద్దాయన నెమ్మదస్తుడు. చివర్లో, దూరం నుంచి వచ్చిన పెద్దలు తమ అభిప్రాయం చెప్పాలని మైకు తెచ్చి మంగయ్య చేతిలోనే పెట్టాడు. మంగయ్య లేచి, గొంతు సవరించుకుని, మరాఠీలో, ముప్పై ఏళ్లుగా ఎన్నో ఇళ్లలో చెప్పిన మాటే చెప్పాడు.

"చూసినం. తప్పు పట్టేటిదేం లేదు. ఇంటికి పోయి మాట్లాడుకొని కబురు పంపుతం."

సభంతా చప్పట్లు కొట్టింది. ఆ పెద్దాయన మాత్రం, ఏం కబురని పక్కవాణ్ని అడగడం నేను చూశాను.

భోజనాల దగ్గర చిక్కొచ్చింది. పళ్లాల్లో పూరీలు, గట్టి పెరుగులో చక్కెర కలిపిన శ్రీఖండం, అన్నం, సింధూజ నేర్పిన మన పప్పు. మేం ఐదుగురం పళ్లాల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాం. వార్డెనమ్మ వచ్చి తినండన్నది. మంగయ్య నమస్కారం పెట్టి, "కడుపు నిండుగుంది" అన్నాడు. రామచంద్రం కళ్లు మూసుకున్నాడు, శ్రీఖండం కనపడకుండా. పక్క బల్ల మీది పెద్దమనిషి మమ్మల్ని చూసి, కలుపుతున్న చెయ్యి ఆపాడు. ఆయన భార్య పూరీ కింద పెట్టింది. ఆ వెనక బల్లవాళ్లు, "అన్నంల ఏమన్నా పడ్డదా?" అని గుసగుసలాడారు. ఐదు నిమిషాల్లో సగం హాలు చేతులు కట్టుకుంది. వంటవాళ్లు బయటికొచ్చి వరసగా నిలబడ్డారు. పెద్దాయన పరుగున వచ్చి, అందరి ముందూ పప్పన్నం కలుపుకుని నాలుగు ముద్దలు తిని, ఏమీ కాలేదని చూపించడానికి కాసేపు అక్కడే నిలబడ్డాడు. అప్పుడు గానీ జనం తినలేదు. మేం అప్పుడూ తినలేదు.

సింధూజ వడ్డిస్తూ మా బల్ల పక్క నుంచి రెండుసార్లు పోయింది. బతిమాలలేదు. నాకు ఆశ్చర్యం వేసింది. నెల రోజుల ఏర్పాటు బూడిదలో పోసినట్టయితే ఏ పిల్లకైనా కళ్లనీళ్లు రావాలి కదా!

రెండు గంటలకు పొలాలు చూపించింది. చలికాలం ఎండ హాయిగా ఉంది. మడులకు పేర్లు రాసిన రేకులు పాతారు. ఒక రేకు మీద సింధూజ పేరుంది. రాజవ్వ దాని ముందు ఆగి, కోసిన కొయ్యకాళ్ల వరస చూసింది. "నాటు సాలు సక్కగున్నది" అంది అయిష్టంగా. అప్పటికి ఆమె నోట వచ్చిన మంచిమాట అదొక్కటే. మళ్లీ సంచి చంకలోకి సర్దుకుని, "ఇగ సాలు. పోయి బట్టలు సదురుకో బిడ్డా. పిల్ల బాగనే ఉన్నది, ఇల్లు బాగనే ఉన్నది, గని నా పాణం ఒప్పుతలేదు" అంది.

సాంబన్న ఆ సంచి వైపు చూడకుండా పక్కకు తిరిగాడు. మంగయ్య నేల చూశాడు. ఇల్లు బాగుందని ఆయన చెప్పగలడు. పాణం ఒప్పకపోతే ఆయనైనా ఏం చేయగలడు?

సింధూజ, "మంచిది బాపమ్మా" అని ముందుకు నడిచింది. హాస్టల్‌కు పోయే కాలిబాట మీదే, అడ్డంగా, ఒక పెద్ద టార్పాలిన్ పరిచి వడ్లు ఎండబోశారు. తొక్కకుండా పక్కనుంచి పోవాలి. సింధూజ పోయింది. మంగయ్య పోయాడు. రాజవ్వ ఆగింది.

అరవై ఏళ్లు వరి పండించిన మనిషి. ఎండబోసిన వడ్లు ఎవరివైనా సరే, ఏ ఊళ్లోవైనా సరే, ఆ చెయ్యి ఆగదు. వంగింది. గుప్పెడు తీసింది. అరచేతిలో పొర్లించింది. ఒక గింజ ఏరి పళ్ల మధ్య పెట్టి టక్కున కొరికింది. ఊక ఉమ్మింది, బియ్యపుగింజ నమిలింది, ఆలోచించింది, మింగింది.

"ఇంక రెండెండలు కావాలె" అంది. "పచ్చిగున్నయి."

రామచంద్రం గాలిలోకి ఎగిరాడు.

"మింగింది! అవ్వ మింగింది! నేను సూసిన!"

"ఏం మింగిన్రా నీ మొకం?"

"గింజ! ఆ ఇంటి గింజ గొంతు దిగింది!"

రాజవ్వ గుప్పెట్లోని వడ్లు చూసుకుంది. అప్పుడు అర్థమైంది. "ఓరి నీ! వడ్లు ఎండినయా లేదా అని సూసుడు తినుడెట్ల అయితదిరా? మంగయ్యా, నువ్వు జెప్పు."

మంగయ్య చుట్టూ చూశాడు. సాంబన్నను చూశాడు. టార్పాలిన్‌ను చూశాడు. దూరంగా ఉన్న సిమెంటు కల్లాన్ని చూశాడు. ఆఖరికి రాజవ్వ వైపు తిరిగాడు.

"వదినే, నమిలినవా?"

"నమిలిన."

"బక్కయ్య నమిలింది ఎన్ని గింజలు?"

"నాలుగు. అయితే? అది సోపు!"

"నువ్వు నమిలింది వడ్లు. సోపుకే మాటయితే వడ్లకు కాదానె? పదిమందిల దవడ పట్టుకున్నది నువ్వు. ఇప్పుడు నీ దవడ నన్ను పట్టుకొమ్మంటవా?"

రాజవ్వ మనవరాలి వైపు చూసింది. పిల్ల నేల చూపులు చూస్తోంది. ముసలామె పెదవులు బిగించి ఏదో అనబోయింది. కానీ అరవై ఏళ్లలో మాట తప్పిన ఇల్లని ఎవరూ అనలేదు. ఆ సంగతి ఆమెకే ఎక్కువ తెలుసు.

"అయితే కానియ్" అంది. "గని ఈ రెండెండలు పడకుంట ఎత్తిండ్రా, విత్తనాలు ముక్కిపోతయి. మీ సార్లకు జెప్పు. ఎవరు జెప్తరో ఏమో వీళ్లకు!"

"ఇగ మాట అయింది గద, మనం తినొచ్చునా?" అని రామచంద్రం. జవాబు కోసం ఆగలేదు. మెస్సు వైపు పరిగెత్తాడు. మేం వెళ్లేసరికి నాగేంద్ర తండ్రికి ఆరో పూరీ వడ్డిస్తున్నాడు. వంటవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నంత సంతోషించారు. రాజవ్వ పప్పులో ఉప్పు తక్కువన్నది, రెండోసారి వడ్డించుకున్నది.

గోనెసంచి ఉత్తగా తిరిగిరాలేదు. "తెచ్చిన సంచి మడిసి తీస్కపోతరా ఎవలన్నా?" అని, సింధూజ మడిలో పండిన విత్తనం నాలుగు సోలలు వేయించుకుంది. ఫోటోలో ఆ సంచి ముందు వరసలో ఉంది.

తిరుగుబస్సులో రాజవ్వ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. సాంబన్న ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. తల్లి మేలుకుని లేకపోవడం చూసుకునే. నా పక్కన మంగయ్య, కాళ్ల మీద సింధూజ ఇచ్చిన కాగితం పొట్లం.

"సారూ, ఆ వడ్లు ఆ బాట మీద ఉండేటివి కావు" అన్నాడు మెల్లగా. "కల్లం అవతల ఉన్నది. పొద్దుగాల నేను సూసినప్పుడు అక్కడ్నే ఉన్నయి. మనం పళ్లాల ముంగట కూసున్నప్పుడు ఎత్తి తెచ్చి పోసిండ్రు."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"ఎనుక వాకిలి సూసుడు నా పని. బాట మీద వడ్లు ఎవలు పోసిండ్రో సూసుడు నా పని కాదు."

కాళ్ల మీది పొట్లం సర్దుకుని మళ్లీ అన్నాడు. "ఏ గింజయినానా తాతా అని అడిగినప్పుడే నాకు అనుమానం రావాలె. ముసలోణ్ని అయిన."

పొట్లం విప్పాడు. లోపల లడ్డూలు, మూడు. మంగయ్య వాటిని చాలాసేపు చూశాడు. ఆ ఇంటికి నీళ్ల ట్యాంకు ఉంది, నిచ్చెనెక్కి మూత ఎత్తి చూసొచ్చాడు. ఒకటి తీసి కొరికి, మిగతావి నా చేతిలో పెట్టాడు.

"జర నెయ్యి ఎక్కువైంది" అన్నాడు, మొత్తం తిన్నాక.